స్లర్మ్‌తో ఆరేళ్ళు: జాబ్ బతికింది, పని పోయింది

స్లర్మ్ గురించి తెలుగులో ఏదైనా రాయమని మా ల్యాబ్‌లో పిల్లలు రెండేళ్ళుగా అడుగుతున్నారు, నేనేమో మాన్యువల్ ఉందిగా చదువుకోండి అని తప్పించుకుంటూ వచ్చాను. మొన్న సోమవారం ఒకమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే నా టేబుల్ దగ్గరికి వచ్చి, "అన్నా, జాబ్ రన్నింగ్ అనే చూపిస్తోంది, కానీ మూడు రోజుల పని ఎక్కడా కనపడట్లేదు" అంది. స్క్రీన్ చూడకముందే నాకు విషయం అర్థమైపోయింది, ఎందుకంటే ఆరేళ్ళ కింద సరిగ్గా అదే దెబ్బ నేనూ తిన్నాను. సరే, ఇంక రాసేస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వందలకొద్దీ కంప్యూటర్లను ఒక నెట్‌వర్కుకు తగిలించి అందరూ పంచుకుని వాడుకునే చోట, ఎవరి పని (దాన్నే జాబ్ అంటారు) ఎప్పుడు ఏ కంప్యూటర్ (దాన్ని నోడ్ అంటారు) మీద నడవాలో తేల్చే సాఫ్ట్‌వేర్‌ను షెడ్యూలర్ అంటారు. అందులో బాగా పాతుకుపోయిన పేరు స్లర్మ్. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ లేబొరేటరీలో 2000ల మొదట్లో పుట్టింది. దాని మీద పనిచేసిన మోరిస్ జెట్, డానీ ఆబుల్ 2010లో షెడ్‌ఎండీ అని కంపెనీ పెట్టి దాన్ని నడిపారు, ఆ కంపెనీని 2025 డిసెంబరులో ఎన్విడియా కొనేసింది. సాఫ్ట్‌వేర్ మాత్రం జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉచితం, సపోర్ట్ కావాలంటేనే డబ్బులు. కందిలో ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవా మీద పని చేసినా, బెంగళూరు ఐఐఎస్‌సీలో పరమ్ ప్రవేగ మీద చేసినా, ఎమ్మెస్‌కని అమెరికా వెళ్ళి అక్కడి యూనివర్సిటీ క్లస్టర్‌లో లాగిన్ అయినా మీకు ఎదురయ్యేది ఇదే కాబట్టి, ఒకసారి నేర్చుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది.

నా సంగతి: మొదటి మూడున్నరేళ్ళు ఉత్త యూజర్‌ని, గ్రోమాక్స్ అనే ప్రోగ్రాంలో ప్రోటీన్ల సిమ్యులేషన్లు నడిపేవాణ్ణి. ఆ తర్వాత "నీకు లైనక్స్ వచ్చుగా" అని 48 నోడ్‌ల క్లస్టర్ ఒకటి నా నెత్తిన పెట్టారు, అప్పట్నుంచి సగం అడ్మిన్‌ని. కౌంటర్‌కి అటువైపూ ఇటువైపూ రెండువైపులా నిలబడ్డవాణ్ణి అన్నమాట. స్టార్లు అడిగితే 5కి 4 ఇస్తాను, ఆ పోయిన ఒక్కటి ఎక్కడ పోయిందో చెప్పడానికే ఈ రాత అంతా.

ముందు బాగున్నదాని గురించి. క్యూ నడపడంలో దీనికి వంక పెట్టలేం. పెళ్ళిలో బంతి భోజనాలు గుర్తుచేసుకోండి. ఒక కుటుంబం పన్నెండు మంది, అందరం పక్కపక్కనే కూర్చుంటాం అని నిలబడ్డారు. పన్నెండు ఆకులు వరుసగా ఖాళీ అవ్వాలంటే ఇంకో పావుగంట పడుతుంది, ఇప్పటికి నాలుగే ఖాళీ. వెనకాల ఇద్దరు కుర్రాళ్ళు "మేం పది నిమిషాల్లో తినేసి లేచిపోతాం అంకుల్" అంటున్నారు. బుర్ర ఉన్న మనిషైతే వాళ్ళను కూర్చోబెట్టేస్తాడు, కుటుంబం టైముకి ఎలాగూ లేచిపోతారు కదా, ఎవరికీ నష్టం లేదు. స్లర్మ్‌లో దీని పేరు బ్యాక్‌ఫిల్, అస్తమానం చేసే పని ఇదే. కాకపోతే కుర్రాళ్ళు పది నిమిషాలన్న మాట మీద నిలబడాలి, అందుకే ప్రతి జాబ్‌కూ టైమ్ లిమిట్ ఉండాలి, అది దాటితే తింటున్న ఆకు ముందు నుంచి లేపేస్తుంది. మూడు గంటల జాబ్‌కి కూడా ఎందుకైనా మంచిదని ఏడు రోజులు అడిగేసి, మళ్ళీ "నా జాబ్ ఎందుకు ఎక్కట్లేదు సార్" అని వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు. ఏడు రోజులంటే మిమ్మల్ని ఏ సందులో కూర్చోబెట్టాలి బాబూ!

ఇక అసలు విషయం, మెషీన్లు చచ్చిపోవడం. మన ఇంట్లో కంప్యూటర్ మూడేళ్ళకోసారి మొరాయిస్తే ఏమీ అనుకోం. అలాంటివే 1000 పెట్టుకుంటే లెక్క మారిపోతుంది: మూడేళ్ళంటే 1095 రోజులు, దాన్ని 1000తో భాగిస్తే దాదాపు రోజుకొకటి. అన్నీ కలిసి ఒకే పని చేస్తుంటే అందులో ఏ ఒక్కటి పోయినా పని ఆగుతుంది. మెటా వాళ్ళు లామా 3 ఏఐలో పెద్ద మోడల్‌ను 16,384 జీపీయూల మీద శిక్షణ ఇచ్చినప్పటి లెక్క వాళ్ళే 2024లో బయటపెట్టారు, 54 రోజుల్లో అనుకోకుండా ఆగిపోయింది 419 సార్లు. అంటే సగటున మూడు గంటలకోసారి ఏదో ఒకటి చెడిపోయింది, వాటిలో సగానికి పైగా జీపీయూల గొడవే. అయినా 90 శాతానికి పైగా టైము అసలు పనికే దక్కిందట. కాబట్టి ఈ స్థాయిలో మెషీన్ చెడిపోవడం రోజూ వచ్చే పాల ప్యాకెట్ లాంటిది, వస్తుందా రాదా అని ఆలోచించక్కర్లేదు.

స్లర్మ్ దీన్ని ఎలా పట్టుకుంటుందంటే, ప్రతి నోడ్ మీదా స్లర్మ్‌డీ అనే చిన్న ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది, మధ్యలో స్లర్మ్‌సీటీఎల్‌డీ అనే పెద్దాయన ఉంటాడు. పెద్దాయన అప్పుడప్పుడూ అందర్నీ పలకరిస్తుంటాడు. ఎవరైనా 300 సెకన్ల పాటు పలక్కపోతే ఆ నోడ్ పేరు పక్కన డౌన్ అని రాసేస్తాడు, నోడ్‌ల పరిస్థితి చూపించే ఎస్‌ఇన్ఫో కమాండ్ కొడితే నక్షత్రం గుర్తుతో (*) కనపడుతుంది. ఆ 300 అనేది డిఫాల్ట్, మార్చుకోవచ్చు. ఆ నోడ్ మీద నడుస్తున్న బ్యాచ్ జాబ్‌ను (స్క్రిప్ట్ ఇచ్చి వదిలేసే జాబ్), మీరు వద్దని చెప్పకపోతే, మళ్ళీ క్యూలో పెడతాడు, దీన్నే రీక్యూ అంటారు. అదే జాబ్ నంబరు, అదే స్క్రిప్ట్, వేరే నోడ్. డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, చాలామందికి ఇది ఉందని కూడా తెలీదు.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. నాకూ అలాగే ఉండేది.

ఆరేళ్ళ కిందటి మాట, ఏప్రిల్ చివర. 72 గంటల లిమిట్‌తో ఒక రన్ వేశాను, రాత్రి పడుకునేటప్పటికి 57 గంటలైంది, పొద్దున్న లేచి ఇంకో ఐదారు గంటలు ఆగితే గైడ్‌కి గ్రాఫ్ చూపించొచ్చు అని సంతోషంగా పడుకున్నా. అర్ధరాత్రి దాటాక గాలివాన, కరెంటు పోయింది, ఆ ర్యాక్ యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో ఉబ్బిపోయి ఉన్నాయట, ఆ సంగతి అందరికీ తెలుసు నాకు తప్ప. పొద్దున్న ఆరున్నరకి పళ్ళు తోముకుంటూ ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ తెరిచి, క్యూ చూపించే స్క్యూ కమాండ్ కొట్టాను. రాష్ట్రం మొత్తం కరెంటు పోయినా నా జాబ్ మాత్రం రన్నింగ్! టైము కాలమ్‌లో మాత్రం 65 గంటలు ఉండాల్సిన చోట 4 గంటల 7 నిమిషాలు ఉంది. డిస్‌ప్లే తప్పేమో అనుకున్నా, నిజంగానే. బ్రష్ నోట్లో పెట్టుకునే లాగ్ ఫైల్ తెరిస్తే స్టెప్ సున్నా నుంచి మొదలైంది.

జరిగిందేంటంటే, రాత్రి రెండున్నర ప్రాంతంలో నోడ్ రీబూట్ అయింది. స్లర్మ్ దాన్ని గమనించి, నోడ్ అనుకోకుండా రీబూట్ అయిందని కారణం రాసి దాన్ని పక్కన పెట్టి, నా జాబ్‌ను మర్యాదగా ఇంకో ర్యాక్‌లో బతికున్న నోడ్ మీదికి ఎక్కించింది. దాని వంతు పని అది తు.చ. తప్పకుండా చేసింది. గుడి దగ్గర క్యూలో చెప్పులు పెట్టి పక్కకి వెళ్తాం చూడండి, చెప్పులు అక్కడే భద్రంగా ఉన్నాయి, చేతిలో ఉన్న కొబ్బరికాయల సంచే పోయింది. ఎందుకంటే మళ్ళీ ఎక్కించడం అంటే స్క్రిప్ట్‌ను మొదటి లైను నుంచి మళ్ళీ నడపడం, అంతే. స్క్రిప్ట్ లోపల ఏముందో, 61 గంటల్లో ఎంత దూరం వచ్చిందో స్లర్మ్‌కు తెలీదు, తెలుసుకోదు కూడా.

ఇందులో అన్నిటికన్నా మంటెక్కించిన ముక్క ఇప్పుడు చెప్తాను. గ్రోమాక్స్ ప్రతి 15 నిమిషాలకీ తనంతట తాను చెక్‌పాయింట్ రాస్తుంది, అంటే ఎక్కడిదాకా వచ్చిందో, ప్రతి అణువు ఎక్కడుందో, ఎంత వేగంతో కదులుతోందో అన్నీ ఒక ఫైల్లో. నా 61 గంటల పని కూడా ఆ ఫైల్లో చక్కగా ఉంది, కరెంటు పోయినా డిస్క్ మీద ఉంది. కొత్తగా మొదలైన రన్ దాన్ని చదవలేదు, ఎందుకంటే చదవమని చెప్పే సీపీఐ ఆప్షన్ నా స్క్రిప్ట్‌లో లేదు. మొదటి 15 నిమిషాలు అవ్వగానే తన కొత్త చెక్‌పాయింట్ రాసి, పాతదాని పేరు ప్రీవ్ అని మార్చింది. ఇంకో 15 నిమిషాలకి మళ్ళీ రాసింది, అప్పుడు ఆ ప్రీవ్ కూడా తుడిచిపెట్టుకుపోయింది. మూడింటి లోపల లేచి ఉంటే దక్కేది. నేను ఆరున్నరకి లేచాను. గ్రోమాక్స్ పాత ట్రాజెక్టరీ (అణువుల కదలిక రికార్డు) ఫైళ్ళను చెరపకుండా పేరు మార్చి ఉంచింది పాపం, కానీ డిస్క్ కోటా కోసమని వేగాలు అందులో రాయించలేదు నేను, దాంతో అతికించడానికి లేకుండా పోయింది. పైపెచ్చు స్లర్మ్ అవుట్‌పుట్ ఫైల్ కూడా రీక్యూ అయినప్పుడు మొదటి నుంచి రాసుకుంది, డిఫాల్ట్ అంతే, కాబట్టి రాత్రి ఏం జరిగిందో చూద్దామన్నా ఆధారం లేదు.

తప్పు నాదే, ఒప్పుకుంటా. కాకపోతే ఆ క్లస్టర్ వాళ్ళు యూజర్లకిచ్చిన నమూనా స్క్రిప్ట్‌ను మక్కీకి మక్కీ కాపీ కొట్టాను, అందులోనూ ఆ ఆప్షన్ లేదు, రీక్యూ అనే మాటే ఎక్కడా లేదు. అడిగితే "అది యూజర్ బాధ్యత" అన్నారు. నిజమే కావచ్చు గానీ ఒక్క లైను రాసి పెట్టొచ్చుగా అయ్యా. ఇప్పుడు నేను అడ్మిన్‌గా ఇచ్చే నమూనాలో ఆ లైను మొట్టమొదట ఉంటుంది.

మీరు చేయాల్సింది చిన్న పనే. గ్రోమాక్స్ అయితే సీపీఐ ఆప్షన్ ఎప్పుడూ పెట్టేయండి, చెక్‌పాయింట్ ఫైల్ లేకపోతే మొదటి నుంచి మొదలుపెడుతుంది, ఉంటే అక్కణ్ణుంచి అందుకుంటుంది, కాబట్టి మొదటిసారికీ రెండోసారికీ ఒకే స్క్రిప్ట్ సరిపోతుంది. జాబ్ వేసే ఎస్‌బ్యాచ్ కమాండ్‌లో ఓపెన్ మోడ్‌ను అపెండ్ అని పెట్టండి, పాత లాగ్ చెరిగిపోదు. స్లర్మ్ రీస్టార్ట్ కౌంట్ అని ఒక వేరియబుల్ ఉంటుంది, జాబ్ ఎన్నోసారి మళ్ళీ మొదలైందో చెప్తుంది, అది సున్నా కాకపోతే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా నేను పెట్టుకున్నాను. మీరు సొంతంగా పైథాన్‌లోనో సీలోనో రాసుకున్న కోడ్ అయితే చెక్‌పాయింట్ కూడా మీరే రాసుకోవాలి, తాత్కాలిక పేరుతో రాసి పూర్తయ్యాకే అసలు పేరు పెట్టండి, లేకపోతే రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైల్ మిగిలి అదీ ఇదీ రెండూ పోతాయి. కోడ్ ముట్టుకోకుండా మొత్తం ప్రాసెస్‌నే ఫొటో తీసినట్టు దాచే డీఎంటీసీపీ లాంటివి ఉన్నాయి, నేను కొన్నాళ్ళు వాడాను, చిన్నవాటికి పర్లేదు, జీపీయూ వచ్చేసరికి తలనొప్పి మొదలైంది. ఇంకో సంగతి, రెండోసారి నడిస్తే ప్రమాదమయ్యే జాబ్‌లు కూడా ఉంటాయి, డేటాబేస్‌లో వరుసలు చేర్చేవీ అలాంటివి, వాటికి నో రీక్యూ అని గట్టిగా చెప్పేయండి.

ఎంతసేపటికోసారి చెక్‌పాయింట్ రాయాలి అంటే దానికి 1974లో జాన్ యంగ్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ఒక చెక్‌పాయింట్ రాయడానికి పట్టే టైమునీ, సగటున ఎంతసేపటికోసారి చెడిపోతుందో ఆ టైమునీ గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీయండి. రాయడానికి 2 నిమిషాలు, రోజుకొకసారి చెడిపోతుంది అనుకుంటే దాదాపు 76 నిమిషాలు వస్తుంది. మా వాళ్ళల్లో ఒకాయన భయంతో ప్రతి రెండు నిమిషాలకీ రాయించేవాడు, ఆయనొక్కడి దెబ్బకి స్టోరేజ్ మొత్తం నత్తనడక నడిచేది, ఎవరు కారణమో పట్టుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

టైమ్ లిమిట్ అయిపోవడం కూడా ఒకరకంగా చావే, పైగా ముందే తెలిసిన చావు. స్లర్మ్ ముందు మర్యాదగా ఆగమని టర్మ్ సిగ్నల్ పంపి, డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఆగి, తర్వాత కిల్ కొడుతుంది. 30 సెకన్లలో 40 జీబీ మెమరీ డిస్క్‌కి రాయడం అన్నిచోట్లా అయ్యే పని కాదు, అందుకని సిగ్నల్ ఆప్షన్‌తో పది నిమిషాల ముందే చెప్పమని అడగొచ్చు. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది, నేనూ పడ్డాను: బ్యాష్ స్క్రిప్ట్‌లో ట్రాప్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే లైను) పెట్టి, కింద ప్రోగ్రామ్‌ను మామూలుగా నడిపితే, ఆ ప్రోగ్రాం పూర్తయ్యేదాకా బ్యాష్ ట్రాప్‌ను పట్టించుకోదు, అంటే మీరు పెట్టిన అలారం ఇల్లు కాలిపోయాక మోగుతుంది. ప్రోగ్రామ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి, కింద వెయిట్ అని రాయాలి, అప్పుడే సిగ్నల్ రాగానే ట్రాప్ పనిచేస్తుంది. గ్రోమాక్స్ వాళ్ళకి ఈ తంటా అక్కర్లేదు, మ్యాక్స్‌హెచ్ అని గంటలు చెప్తే అదే టైముకి కాస్త ముందు ఆగి చెక్‌పాయింట్ రాసుకుంటుంది.

ఇప్పుడు అడ్మిన్ టోపీ పెట్టుకుని మాట్లాడతా. పూర్తిగా చచ్చిపోయిన నోడ్‌తో గొడవ లేదు, స్లర్మ్ చూసుకుంటుంది. సగం చచ్చిన నోడ్‌తోనే నరకం. పోయినేడాది ఒక శనివారం రాత్రి ఒక నోడ్‌లో స్టోరేజ్ మౌంట్, అంటే అందరూ పంచుకునే డిస్క్‌తో ఉన్న లింకు, ఊడిపోయింది. నోడ్ మాత్రం బాగానే ఉంది, పెద్దాయన పలకరిస్తే "ఆఁ, బాగున్నానండీ" అంటోంది. దాని మీదికి జాబ్ వెళ్ళగానే డేటా ఫైల్ దొరక్క రెండు సెకన్లలో ఫెయిల్ అవుతుంది. ఫెయిల్ అయితే నోడ్ ఖాళీ. ఖాళీ కాబట్టి స్లర్మ్ ఇంకో జాబ్ ఇస్తుంది. అదీ రెండు సెకన్లే. మిగతా 47 నోడ్‌లు బుద్ధిగా గంటలు గంటలు పని చేసుకుంటుంటే ఈ ఒక్కటీ తెల్లారేసరికి ఒక రీసెర్చ్ స్కాలర్ వేసిన అర్రే జాబ్‌లో (ఒకే స్క్రిప్ట్‌ను వేర్వేరు డేటాతో చాలాసార్లు నడిపేది) 400 టాస్కులు మింగేసి కూర్చుంది. అడ్మిన్లు దీన్ని బ్లాక్‌హోల్ నోడ్ అంటారు. మెషీన్ పోతే మళ్ళీ ఎక్కిస్తుంది గానీ, ప్రోగ్రామ్ తనంతట తాను ఎర్రర్ ఇచ్చి బయటికొస్తే అది యూజర్ తప్పే అనుకుని ఫెయిల్డ్ అని రాసి ఊరుకుంటుంది స్లర్మ్. ఫలానా ఎగ్జిట్ కోడ్ వస్తే మళ్ళీ ఎక్కించు అని అడ్మిన్ ప్రత్యేకంగా రాసి పెట్టుకోవచ్చు, మేం పెట్టుకోలేదు.

దీనికి మందు హెల్త్ చెక్. కొన్ని నిమిషాలకోసారి ప్రతి నోడ్ మీదా ఒక స్క్రిప్ట్ నడిపి, మౌంట్లున్నాయా, మెమరీ సరిగా ఉందా, జీపీయూలు అన్నీ కనపడుతున్నాయా చూసి, తేడా ఉంటే నోడ్‌ను డ్రెయిన్‌లో పెట్టేయడం. డ్రెయిన్ అంటే ఉన్న జాబ్‌ను పూర్తి కానిచ్చి కొత్తవి ఇవ్వకపోవడం, షట్టర్ సగం దించిన కిరాణా కొట్టులా. బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు రాసిన ఎన్‌హెచ్‌సీ అనే రెడీమేడ్ స్క్రిప్ట్ ఉంది, మేం ఇప్పుడు అదే వాడుతున్నాం. జాబ్‌కి ముందు నోడ్ మీద నడిచే ప్రోలాగ్ అనే స్క్రిప్ట్‌లో కూడా తనిఖీ పెట్టొచ్చు, జాబ్ మొదలవకముందే ప్రోలాగ్ ఫెయిల్ అయితే నోడ్ డ్రెయిన్‌కి పోతుంది, జాబ్ తిరిగి క్యూకి పోతుంది, కాకపోతే హోల్డ్‌లో పడుతుంది, అడ్మిన్ సెట్టింగ్ మారిస్తే తప్ప ఎవరో ఒకరు విడిపించాలి. నా కంప్లైంట్ ఏంటంటే ఇవన్నీ పెట్టె విప్పగానే రావు, మనం కట్టుకోవాలి. ఒక నోడ్ పది నిమిషాల్లో 50 జాబ్‌లు ఫెయిల్ చేస్తుంటే "ఇదేదో తేడాగా ఉందే" అని షెడ్యూలర్‌కే అనుమానం రావద్దూ? ఆ ఒక్క స్టార్ పోయింది ఇక్కడే.

పెద్దాయనే పడిపోతే ఏంటి పరిస్థితి అని అడుగుతారు. ఇక్కడ మాత్రం దండం పెట్టొచ్చు. స్లర్మ్‌సీటీఎల్‌డీ ఆగిపోయినా నోడ్‌ల మీద నడుస్తున్న జాబ్‌లు నడుస్తూనే ఉంటాయి, కొత్తవి ఎక్కవు, స్క్యూ కొడితే కంట్రోలర్ దొరకట్లేదని ఎర్రర్ వస్తుంది, నా ఫోన్ మోగుతుంది, అంతే. మళ్ళీ లేపగానే డిస్క్ మీద రాసుకున్న చిట్టా చదువుకుని ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి అందుకుంటుంది. రెండో మెషీన్‌ను బ్యాకప్‌గా పెడితే, మొదటిది డిఫాల్ట్‌గా 120 సెకన్లు పలక్కపోతే అదే పగ్గాలు తీసుకుంటుంది. ఒకటే షరతు, ఆ చిట్టా ఉన్న ఫోల్డర్ ఇద్దరికీ అందే చోట ఉండాలి, అది పోతే క్యూలో ఉన్నవీ నడుస్తున్నవీ మొత్తం పోయినట్టే. దాన్ని ఒకే మెషీన్ లోకల్ డిస్క్‌లో పెట్టి, బ్యాకప్ కంట్రోలర్ ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవాళ్ళను చూశాను. వెర్షన్ మార్చడం కూడా నడుస్తున్న జాబ్‌లు ఆపకుండా చేయొచ్చు, వరుస మాత్రం తప్పకూడదు, ముందు డేటాబేస్ డీమన్, తర్వాత కంట్రోలర్, ఆఖర్న నోడ్‌లు. పట్టపగలు, 40 జాబ్‌లు నడుస్తుండగా చేశాను, ఒక్కటీ కదల్లేదు. చేస్తున్నంతసేపూ టెన్షన్‌తో టీ కూడా తాగలేదు, అది వేరే విషయం.

మిగతావాటితో పోలిక కావాలంటే, పెద్ద డేటా పనిని ఎన్నో మెషీన్లకు పంచే గూగుల్ వాళ్ళ మ్యాప్‌రెడ్యూస్ సిస్టమ్ పేపర్, 2004ది, చూడండి. అందులో ఒక ప్రయోగం ఉంది, పెద్ద సార్టింగ్ జాబ్ నడుస్తుండగా 1746 వర్కర్లలో 200 మందిని కావాలని చంపేస్తే, మొత్తం టైము 5 శాతమే పెరిగింది. నెమ్మదిగా నడుస్తున్న టాస్కులకి రెండో కాపీ మొదలుపెట్టే తెలివిని తీసేస్తే మాత్రం 44 శాతం పెరిగింది. ఆ సిస్టమ్ అలా చేయగలగడానికి కారణం అక్కడ పని చిన్న చిన్న ముక్కలుగా, ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటుంది, ఏ ముక్క పోతే ఆ ముక్క మళ్ళీ చేస్తే చాలు. స్లర్మ్ మీద నడిచే ఎంపీఐ (నోడ్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) జాబ్‌లు అలాంటివి కావు, 64 నోడ్‌లు ప్రతి మిల్లీసెకనుకీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి, ఉమ్మడి కుటుంబంలా ఒకరికి జ్వరమొస్తే ఇల్లంతా మంచమెక్కుతుంది. ఓపెన్ ఎంపీఐ 5లో మిగిలినవాళ్ళతో కొనసాగే సౌకర్యం వచ్చింది గానీ దానికి కోడ్ మార్చుకోవాలి, ఎంతమంది మారుస్తారు. విస్కాన్సిన్‌లో 1988లో మొదలైన కాండర్, ఇప్పుడు హెచ్‌టీకాండర్, ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్‌లను వేటాడి వాడుకోవడానికి పుట్టింది కాబట్టి మెషీన్ మధ్యలో చేజారిపోవడం దానికి మొదటి రోజు నుంచీ అలవాటు. మీది ఒకదానితో ఒకటి సంబంధం లేని పదివేల చిన్న జాబ్‌లైతే అదీ చూడండి. స్లర్మ్‌లోనే ఉంటానంటే అర్రే జాబ్ వాడండి, ఒక్కో టాస్కు గంట లోపల ఉండేలా ముక్కలు చేసుకుంటే చెక్‌పాయింట్ బాధ కూడా ఉండదు, పోతే గంటే పోతుంది.

చిన్న ల్యాబ్‌లకి అవసరమా? రెండు జీపీయూ మెషీన్లు, నలుగురు స్టూడెంట్లు, వాట్సాప్ గ్రూపులో "నేను రన్ వేశా, రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు ప్లీజ్" అనే మెసేజీలు, అయినా ఎవరో ఒకరు ముట్టుకోవడం, తర్వాత అలకలు, ఇది మీ పరిస్థితి అయితే వెంటనే పెట్టేయండి. ఉబుంటులో స్లర్మ్ డబ్ల్యూఎల్ఎం అనే ప్యాకేజీగా దొరుకుతుంది. పెట్టేటప్పుడు మాత్రం ఓపిక కావాలి, కాన్ఫిగరేషన్ ఫైల్ అన్ని మెషీన్లలో ఒకేలా ఉండాలి, గడియారాలు కలవాలి. గడియారం అని తేలిగ్గా తీసుకోకండి, మెషీన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి వాడే మంజ్ అనే ప్రోగ్రాం ఇచ్చే చీటీకి గడువు డిఫాల్ట్‌గా 5 నిమిషాలే, ఒక మెషీన్ టైము అంతకన్నా వెనకబడితే లోపలికి రానివ్వదు, ఎర్రర్ చూస్తే పాస్‌వర్డ్ గొడవేమో అనిపిస్తుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయిన ఒక నోడ్ నన్ను ఒక మధ్యాహ్నమంతా ఏడిపించింది.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. మూడు రోజులవి తిరిగి రాలేదు, నావి రానట్టే. స్క్రిప్ట్ సరిచేశాక వెంటనే మళ్ళీ మూడు రోజుల రన్ వేయబోతుంటే ఆపాను. ముందు అరగంట నడపమన్నాను, ఒక చెక్‌పాయింట్ పడిందని ఫైల్ టైము చూసి నిర్ధారించుకున్నాక, ఎస్‌కంట్రోల్ రీక్యూ అని తన జాబ్ నంబరు తనచేతే కొట్టించాను. నడుస్తున్న జాబ్‌ను చేజేతులా చంపుకోవాలంటే తనకి మనసు ఒప్పలేదు, "పోదు కదా అన్నా?" అని రెండుసార్లు అడిగింది. కొట్టాక జాబ్ పెండింగ్‌లోకి పోయి బిగిన్‌టైమ్ అని కారణం చూపిస్తూ రెండు నిమిషాలు అలాగే కూర్చుంది, రీక్యూ అయిన జాబ్ అంతసేపు ఆగుతుంది, భయపడక్కర్లేదు. తర్వాత మళ్ళీ రన్నింగ్. లాగ్ ఫైల్ చివర చూస్తే స్టెప్ నంబరు సున్నా కాదు, 11 లక్షల చిల్లర. ఆ పిల్ల దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ గ్రూపులో పెట్టింది, సాయంత్రానికి ఇంకో ముగ్గురు స్క్రిప్ట్‌లు పట్టుకుని నా టేబుల్ దగ్గర నిలబడ్డారు.